గాజు పోగు అతికే పనితనం

సోలాపూర్ చద్దరు సంగతి తెలిసినవాళ్ళు దాన్ని ముందు తిరగేసి చూస్తారు. ఇటువైపు ఎర్రటి నేల మీద తెల్ల నెమలి ఉంటే, అటువైపు తెల్లటి నేల మీద ఎర్ర నెమలి ఉండాలి. రంగులు తారుమారవుతాయి గానీ గీత ఒక్క పోగు కూడా పక్కకు జరగకూడదు. అంచున పోగులు తేలకూడదు, ముడి చేతికి తగలకూడదు. 2005-06లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఈ దుప్పటి బాగుందో లేదో చెప్పడానికి మహారాష్ట్రలోని సోలాపూర్ నేతపేటల్లో ఎవరికీ పరికరం అక్కర్లేదు. వేలితో ఒకసారి రాసి చెప్పేస్తారు.

అదే పేటల్లో ఇప్పుడు ఇంకో పోగు స్తంభాల మీదుగా, గోడల వెంబడి ఇళ్ళలోకి వస్తోంది. అది గాజు పోగు, అంటే ఆప్టికల్ ఫైబర్. దాని మంచిచెడ్డలు వేలికి అందవు, కంటికీ ఆనవు. ప్రభుత్వాలు వేల కోట్లు పోసి దేశమంతా పరుస్తున్న బ్రాడ్‌బ్యాండ్ గురించి మనకు వినిపించేవన్నీ కిలోమీటర్ల లెక్కలు, కోట్ల లెక్కలు. పనివాడి కన్నుతో దాన్ని చూసేవాళ్ళు తక్కువ. నేతపని ఎరిగిన పేటలో నిలబడి చూస్తే ఆ పోగులో మెచ్చుకోవలసిన పనితనం ఎంతో ఉంది. ఆ మెప్పు ఎవరికి దక్కాలో, డబ్బు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతోందో కూడా అక్కడి నుంచే బాగా తెలుస్తుంది.

పూర్వ భాగ్

సోలాపూర్ తూర్పు పేటలన్నిటినీ కలిపి ఊళ్ళోవాళ్ళు పూర్వ భాగ్ అంటారు. సాఖర్ పేట, దాజీ పేట, భవానీ పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్. ఈ వీధుల్లో దుకాణం బోర్డు మరాఠీలో ఉంటుంది, లోపలి బేరం తెలుగులో సాగుతుంది. 1877లో ఇక్కడ నూలు మిల్లు నడవడం మొదలైంది. దానికి ముందూ వెనకా నల్లగొండ, వరంగల్, కరీంనగర్, మహబూబ్‌నగర్ వైపు పల్లెల నుంచి పద్మశాలీలు తరలివచ్చారు. నిజాం ఇలాకాలో కరువు తరిమితే మిల్లు కూలి పిలిచింది. కొందరు మిల్లుల్లో చేరారు, కొందరు సొంత మగ్గాలు దించుకున్నారు. చేతిమగ్గం మరమగ్గమైంది, ఇక్కడివాళ్ళ మాటలో సాంచా. మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు బీడీల చాటల ముందు. ఇప్పటికీ శ్రావణ పౌర్ణమినాడు పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయుడి రథం బయల్దేరితే సగం ఊరు దాని వెంట నడుస్తుంది.

చాలా ఇళ్ళలో ముందుగదే కార్ఖానా. పైన రేకులు, కింద రెండో నాలుగో మగ్గాలు, గాలిలో దూది నుసి. మగ్గం నడుస్తున్నంతసేపూ పక్కింటి గోడ కూడా అదురుతూనే ఉంటుంది. కరెంటు తీగ, కేబుల్ టీవీ తీగ, ఇప్పుడు ఫైబర్ తీగ, అన్నీ ఒకే స్తంభానికి వేలాడుతుంటాయి. బ్రాడ్‌బ్యాండ్ పథకాలు రాసే అధికారి బల్ల మీద ఈ సందు ఒక చుక్క కూడా కాదు. పని చేసేవాడికి మాత్రం ప్రతి మలుపూ ఒక పరీక్షే.

అట్టలో చిల్లు

సమాచారాన్ని చిల్లులుగా రాసి యంత్రానికి చదివించడం ఈ పేటలకు కొత్త కాదు. చద్దరు మగ్గం నెత్తిన కూర్చున్న జకార్డ్ చేసే పని అదే. గళ్ళ కాగితం మీద బొమ్మ గీస్తారు. ఒక అడ్డు వరుసకు ఒక అట్ట. గడిలో రంగు ఉన్నచోట అట్టకు చిల్లు, లేనిచోట మూత. అట్టలన్నిటినీ దారంతో గొలుసులా కుట్టి పైకెక్కిస్తారు. నాలుగు పలకల దిమ్మ ఒక్కో అట్టనూ సూదులకు ఆనిస్తుంది. చిల్లు దొరికిన సూది నిలబడుతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. చిల్లు దొరకని సూది వెనక్కి తగ్గుతుంది, దాని పోగు కిందే ఉండిపోతుంది. నాడె ఆ సందులోంచి దూసుకుపోతుంది. మళ్ళీ దిమ్మ తిరుగుతుంది, మరో అట్ట వస్తుంది. ఒక్క చిల్లు తప్పు పడితే ఆ తప్పు ప్రతి నెమలి మెడలోనూ కనిపిస్తుంది.

ఈ యంత్రం వెనక ప్రభుత్వ సొమ్ము కథ ఒకటి ఉంది. బ్రాడ్‌బ్యాండ్ పథకాలు రాసేవాళ్ళు చదవదగ్గ కథ. జోసెఫ్ మారీ జకార్డ్ దీన్ని ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 1804-05 ప్రాంతంలో రూపుదిద్దాడు. 1806లో నెపోలియన్ ప్రభుత్వం ఆ మగ్గాన్ని ప్రజల ఆస్తిగా ప్రకటించింది. జకార్డ్‌కు ఏడాదికి 3,000 ఫ్రాంకుల పింఛను, అమ్ముడై వాడుకలోకి వచ్చిన ప్రతి మగ్గం మీదా కొంత రాయల్టీ ఏర్పాటు చేసింది. లియాన్ నేతగాళ్ళు మొదట పొట్ట కొడుతుందని భయపడి మగ్గాలు విరగ్గొట్టారు. తర్వాత వాళ్ళే పెట్టుకున్నారు. 1812 నాటికి ఫ్రాన్సులో 11,000 జకార్డ్ మగ్గాలు నడుస్తున్నాయి.

ఆ ఏర్పాటులో నాకు నచ్చింది దాని హద్దు. ప్రభుత్వం కొన్నది పద్ధతిని మాత్రమే. బొమ్మను కొనలేదు. ఏ పువ్వు నెయ్యాలో, ఎవరికి అమ్మాలో నేతగాడికే వదిలేసింది. అందరికీ కావలసినదాన్ని ప్రజాధనంతో ఉమ్మడిది చేసి, దాని చివర ఏం పండించుకోవాలో వీధి తేల్చుకోనిచ్చింది. అందుకే ఆ యంత్రం లియాన్ దాటి, సముద్రం దాటి, సోలాపూర్ రేకుల షెడ్డులో నెమళ్ళు నేసేదాకా వచ్చింది.

ఫ్యాన్ ఆపమనే పని

ఇక గాజు పోగు దగ్గరికి వద్దాం. వెలుగు నడిచే నడిమి భాగం తొమ్మిది మైక్రాన్లు. దాని చుట్టూ ఉన్న గాజును కలిపితే 125 మైక్రాన్లు. పైన పూత వేశాక 250. మనిషి వెంట్రుక సుమారు డెబ్బై మైక్రాన్లుంటుందంటే ఇందులో అసలు దారి ఎంత సన్ననిదో ఊహించవచ్చు. ఒక పోగు తొమ్మిది మైక్రాన్ల నడిమిని ఇంకో పోగు తొమ్మిది మైక్రాన్ల నడిమికి ఎదురుబొదురుగా నిలబెట్టి, కరిగించి, ఒకటి చెయ్యాలి. దీన్ని స్ప్లైసింగ్ అంటారు. ఇళ్ళకు లైను వేసే కుర్రాళ్ళ మాటలో జాయింట్ కొట్టడం.

సామాను తక్కువ: పూత ఒలిచే కటింగ్ ప్లయర్ లాంటి స్ట్రిప్పర్, స్పిరిట్ సీసా, నూగు రాలని గుడ్డ, క్లీవర్, టిఫిన్ డబ్బా అంత స్ప్లైసింగ్ మెషిన్. కుర్రాడు వచ్చి గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చోగానే మొదటి మాట ఇదే:

"అక్కా, జర ఆ ఫ్యాన్ బంద్ చెయ్యి."

"ఉక్కపోస్తుంది గదరా తమ్మీ, ఎంతసేపు?"

"అయిదే నిమిషాలు. మగ్గం గూడ ఆపిస్తే ఇంకా మంచిది."

ఫ్యాన్ గాలికి పోగు ఊగుతుంది, గాలిలోని దూది నుసి వచ్చి వాలుతుంది. కంటికి కనిపించని నుసి రేణువు కూడా తొమ్మిది మైక్రాన్ల దారికి కొండ అడ్డం పడినట్టే. మామూలు కాలనీలో పది నిమిషాల్లో అయ్యే జాయింటు సాంచాల ఇంట్లో ఓపిక అడుగుతుంది. తెలిసిన కుర్రాడైతే తీగను కొంచెం పొడవుగా వదిలించుకుని, వీధి అరుగు మీదకు తెచ్చుకుని అక్కడ అతుకుతాడు. మిగిలిన పొడవును తర్వాత చుట్ట చుట్టి పెట్టెలో సర్దుతాడు.

పని వరుసగా చూడండి. అన్నిటికంటే ముందు పోగుకు చిన్న తొడుగు ఎక్కించాలి. అతికాక ఆ జాయింటును కాపాడేది అదే. లోపల ఉక్కు సూది ఉంటుంది, వేడికి తొడుగు ముడుచుకుని గాజును పట్టుకుంటుంది. తొడుగు ఎక్కించడం మరిచి అతికేస్తే మళ్ళీ కొయ్యడమే. కొత్తగా నేర్చుకునేవాడికి ఇది తప్పకుండా ఎదురయ్యే పాఠం. తర్వాత పూత ఒలవాలి. ఒకే ఊపులో తియ్యాలి గానీ గాజుకు గీత పడకూడదు. గీత పడ్డ గాజు ఇవాళ పనిచేసి వచ్చే చలికాలం విరుగుతుంది. స్పిరిట్ గుడ్డతో తుడుస్తుంటే పోగు శుభ్రపడిన క్షణంలో సన్నగా కీచుమంటుంది. చెవి ఉన్న పనివాడు ఆ చప్పుడు వినేదాకా తుడుస్తాడు.

క్లీవర్ గాజును కొయ్యదు. గట్టి బిళ్ళతో ఒక చిన్న గాటు పెట్టి, వంచి, తెగేటట్టు చేస్తుంది. తెగిన ముఖం అద్దంలా చదునుగా, పోగు పొడవుకు లంబంగా ఉండాలి. వంపు హద్దు దాటితే మెషిన్ ఒప్పుకోదు. తెగిన ముక్కలను ఒక సీసాలో వేస్తాడు. అవి నేల మీద రాలితే పాకే పిల్లల అరచేతిలో దిగుతాయి, దిగిన గాజు కంటికి దొరకదు. పనివాడి పెంపకం ఎలాంటిదో ఆ సీసా మూత చూసి చెప్పవచ్చు.

రెండు కొసలనూ మెషిన్‌లోని సన్నటి గాడిలో పడుకోబెట్టి మూత వేస్తే తెర మీద అవి పెద్దవిగా, పక్క నుంచీ పై నుంచీ కనిపిస్తాయి. మెషిన్ తనంతట తానే జరుపుకుని, వరుస కలిపి, విద్యుత్ మెరుపు ఒకటి పుట్టిస్తుంది. కొన్ని సెకన్లలో రెండు పోగులు ఒకటవుతాయి. తెర మీద డెసిబెల్స్‌లో ఒక అంకె పడుతుంది: 0.02, లేదా 0.03. అంత వెలుగు ఆ అతుకులో పోయిందని మెషిన్ అంచనా. 0.05 లోపుంటే మంచి జాయింటు. నేతలో తెగిన పడుగు పోగును పురి పెట్టి కలిపే చెయ్యి ఏం వెతుక్కుంటుందో ఈ చెయ్యీ అదే వెతుక్కుంటుంది: తాను చేసిన చోటు తరవాత ఎవరికీ తెలియకూడదు.

వీధి మూలన స్తంభానికి కట్టిన నల్లటి డబ్బా ఇంకా పెద్ద పరీక్ష. పన్నెండు పోగుల తీగ అయితే పన్నెండు రంగులు: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత నీలం. ఈ వరుస చాలా దేశాల్లో వాడుకలో ఉన్నదే. నీలాన్ని నీలానికే కలపాలి. సాయంత్రం వెలుతురు తగ్గాక బూడిదరంగూ తెలుపూ ఒకటిగా కనిపిస్తాయి. అతికినవాటిని పళ్ళెంలో గుండ్రంగా చుట్టి సర్దేటప్పుడు చుట్ట మరీ చిన్నదైతే మామూలు పోగు వంపు దగ్గర వెలుగును బయటికి కార్చేస్తుంది. తీగను డబ్బాలోకి కింది నుంచి ఎక్కించి, బయట చిన్న వేలాడు వదిలితే వాన నీరు ఆ వేలాడు నుంచే కారిపోతుంది. వదలకపోతే తొలకరిలోనే డబ్బాలోకి నీళ్ళు దిగుతాయి. మూసిన డబ్బాలో ఇవేవీ కనపడవు. రెండేళ్ళ తర్వాత తెరిచినవాడికే ముందటివాడి పనితనం తెలుస్తుంది.

వెలుగు పద్దు

ఈ అతుకుల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఇంటికి చేరే వెలుగుకు ఒక పద్దు ఉంది. కంపెనీ కేంద్రంలోని యంత్రం పంపే వెలుగులో 28 డెసిబెల్స్ దాకా పోగొట్టుకున్నా ఇంటి డబ్బా చదువుకోగలదు. 28 డెసిబెల్స్ అంటే ఆరువందల వంతుల్లో ఒక వంతు మిగలడం. చాలా ఉదారమైన పద్దులాగే కనిపిస్తుంది. కానీ ఒక పోగును 32 ఇళ్ళకు పంచే స్ప్లిట్టర్ దగ్గరే 17 దాకా ఖర్చవుతుంది. మిగిలిన 11లో దూరం, కనెక్టర్లు, అతుకులు, వంపులు అన్నీ సరిపెట్టుకోవాలి. ఒక్క మురికి కనెక్టరు, రెండు నిర్లక్ష్యపు జాయింట్లు చాలు, చివరి ఇంట్లో ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ ఇల్లు తరచూ సందు చివరిదే అవుతుంది. సందు చివర ఉండేది తరచూ అందరికంటే లేనివాళ్ళే.

రూపకల్పనలోని చక్కదనం కూడా చెప్పుకోవాలి. ఒకే పోగులో వచ్చే వెలుగు ఒక రంగుది, పోయే వెలుగు మరో రంగుది. రెండూ మనిషి కంటికి కనిపించనివే. ఎదురెదురుగా నడుస్తూ ఒకదానికొకటి అడ్డురావు. స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు, అది గాజే. సెకనుకు రెండున్నర గిగాబిట్ల ప్రవాహాన్ని 32 ఇళ్ళూ ఒకేసారి వాడినా ఒక్కో ఇంటికి డెబ్బై అయిదు మెగాబిట్ల పైనే వస్తుంది. ఎండాకాలం కరెంటు పోయే పేటలో, దారి మధ్యన కరెంటు అడగని యంత్రం ఉండటం చిన్న మేలు కాదు.

డబ్బు ఎక్కడిదాకా వస్తుంది

ఇప్పుడు ప్రభుత్వ సొమ్ము. 2011 అక్టోబరులో కేంద్రం ఆమోదించిన పథకమే తరవాత భారత్‌నెట్ అయింది. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం చొప్పున వసూలు చేసిన నిధి దానికి ఆధారం. ఆ నిధి పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. మన రీఛార్జి డబ్బులోంచే అది పోగవుతుంది. అంటే దాజీ పేటలో బీడీలు చుట్టే అమ్మ రీఛార్జిలోనూ ఆ వాటా ఉంది.

భారత్‌నెట్ మొదటి రూపంలో ఒక డిజైన్ లోపం ఉంది. బ్లాకు కేంద్రం నుంచి పంచాయతీల మీదుగా తీగ ఒకే వరుసలో పోయేది. రోడ్డు పనివాడి పలుగు ఒకచోట తగిలితే ఆ తర్వాతి పల్లెలన్నీ చీకటే. లక్ష పంచాయతీలకు తీగ చేరిందని 2017 చివర్లో లెక్క చెప్పారు గానీ, చేరిన తీగలో వెలుగు నిలిచిందా అన్నది వేరే ప్రశ్నగా మిగిలింది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ ఈ లోపాన్ని దిద్దింది. తీగను వలయంగా వేస్తారు. ఒకవైపు తెగితే వెలుగు రెండోవైపు నుంచి తిరిగి వస్తుంది. వేసినవాడే పదేళ్ళు నడపాలన్న షరతూ పెట్టారు. కంటికి కనిపించని ఈ మార్పు వేల కిలోమీటర్ల కొత్త తీగ కంటే విలువైనది.

అయితే ఇదంతా గ్రామ పంచాయతీ గుమ్మం దాకా. నగరపాలక సంస్థ హద్దులోని సాఖర్ పేట పంచాయతీ కాదు కనుక ఈ డబ్బు అటు రాదు. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి ఇరవై స్మార్ట్ సిటీల్లో సోలాపూర్ ఉంది. అయినా పాత పేటల ఇంటింటి తీగను కంపెనీలకూ కేబుల్ ఆపరేటర్లకూ వదిలేశారు. పల్లెకు ముందు ఇవ్వడం న్యాయమే. నగరంలో ఉన్నంత మాత్రాన రేకుల ఇంటికి అన్నీ అందుతున్నాయనుకోవడం మాత్రం పొరపాటు. 2020 డిసెంబరులో వచ్చిన పీఎం-వాణి ఇక్కడ పనికొస్తుంది: లైసెన్సు లేకుండా కిరాణా కొట్టువాడు కూడా చిన్న ప్యాకెట్లుగా వైఫై అమ్ముకోవచ్చు. రోజు కూలి మీద బతికే ఇంటికి నెల బిల్లు కంటే అది సులువు.

ప్రభుత్వ సొమ్మును పట్టుబట్టి తెచ్చుకున్న కథ పక్కనే కుంభారిలో ఉంది. అది దక్షిణ సోలాపూర్ తాలూకా గ్రామం. బీడీ కార్మిక స్త్రీలు సంఘం కట్టి, ఏళ్ళ తరబడి పోరాడి, కేంద్రం వాటా, రాష్ట్రం వాటా, తమ వాటా కలిపి అక్కడ పదివేల ఇళ్ళ కాలనీ సాధించుకున్నారు. కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టుకున్న ఆ కాలనీ ఇళ్ళను 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ అప్పగించారు. ఆ పోరాటానికి ముందు నిలిచిన నరసయ్య ఆడం ఈ పేటల తెలుగువాడే. ఆ వెనక రే నగర్‌లో 30,000 ఇళ్ళ పథకం మొదలైంది. 2024 జనవరి 19న ప్రధాని మోదీ అందులో 15,000 ఇళ్ళు అందించారు. చేనేత, మరమగ్గం, బీడీ కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్ళు వాటి హక్కుదారులు. ప్రభుత్వ సొమ్మును ఎలా రప్పించుకోవాలో సోలాపూర్‌కు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏది ముందు కావాలో వాళ్ళే తేల్చుకున్నారు, తమ వాటా ముందు పెట్టారు, తర్వాత ఢిల్లీ తలుపు తట్టారు.

స్తంభమా, కందకమా

తీగ ఇంటింటికీ ఎలా పోవాలన్నదానికి రెండు తెలుగు రాష్ట్రాలు రెండు రకాల పనితనం చూపించాయి.

ఆంధ్రప్రదేశ్ ఆకాశమార్గం పట్టింది. నేల తవ్వకుండా కరెంటు స్తంభాలకే తీగ కట్టింది. లోహం లేకుండా తన బరువు తానే మోసుకునే రకం తీగ అయితే కరెంటు పక్కనే వేలాడినా ప్రమాదం లేదు. 2016 డిసెంబరులో కోనసీమలో జీడిపప్పుకూ నేతకూ పేరున్న మోరి గ్రామంలో ఇళ్ళకు లైన్లు ఇచ్చారు; మొత్తం మీద సుమారు 24,000 కిలోమీటర్లు పరిచారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. అప్పట్లో నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను ఇచ్చారు. ఇంటికి తీగ లాగే పని స్థానిక కేబుల్ ఆపరేటర్లకిచ్చారు; సందుల లెక్క తెలిసినవాళ్ళు వాళ్ళే. తర్వాత ఆ టెండర్ల మీద కేసులు నడిచాయి, రాజకీయం నడిచింది. స్తంభాన్ని వాడుకున్న ఆలోచన మాత్రం చౌకైనది, త్వరితమైనది. తుఫానుకు స్తంభం పడితే తీగా పడుతుందన్నది దాని బలహీనత.

తెలంగాణ నేలమార్గం పట్టింది. మిషన్ భగీరథ నీళ్ళ పైపుల కోసం ఊరూరా కందకాలు తవ్వుతున్నప్పుడే పక్కన ఫైబర్ గొట్టం కూడా వేసింది. ఫైబర్ పనిలో అత్యధిక ఖర్చు తవ్వకానిదే, గాజు చౌక. ఒకసారి తవ్విన నేలలో రెండు పనులు చేసుకోవడం తెలివైన ఇల్లాలి లెక్క. గొట్టం వేసినంత త్వరగా వెలుగు రాలేదు. 2024 డిసెంబరులో కూడా రాష్ట్ర సంస్థ టీ-ఫైబర్ కొన్ని పల్లెల్లో ప్రయోగాత్మకంగానే ఇళ్ళలోకి అడుగుపెట్టింది. కానీ నేలలో పడిన గొట్టం అంత త్వరగా పాడుకాదు. అందులోకి పోగును గాలితో ఎప్పుడైనా ఊది పంపవచ్చు.

సోలాపూర్‌కు ఈ రెండోది సరిగ్గా అతుకుతుంది. అక్కడ ఎవరిని అడిగినా మొదటి కోరిక ఇంటర్నెట్ కాదు, నీళ్ళు. నాలుగైదు రోజులకొకసారి నల్లా వచ్చిన ఏళ్ళు ఆ ఊరు ఎన్నో చూసింది. నీళ్ళ వంతు రోజున సాంచా ఆపి బిందెలు నింపుకునే ఇంటికి వెళ్ళి బ్రాడ్‌బ్యాండ్ గొప్పలు చెబితే తలుపు వేస్తారు. కొత్త నీళ్ళ పైపుకు సందు తవ్విన రోజే ఖాళీ గొట్టం ఒకటి పక్కన పడుకోబెడితే రెండు కోరికలు పోట్లాడుకోవు.

అమెరికాలో చట్టనూగా అనే ఊరి కథ కూడా ఇలాంటిదే. ఊరి సొంత విద్యుత్ సంస్థ కరెంటు కోతలు తగ్గించడం కోసమని తీగల వెంట ఫైబర్ వేసింది. ఫెడరల్ ప్రభుత్వం 11 కోట్ల డాలర్ల పైచిలుకు సాయం చేసింది. కరెంటు కోసం వేసిన ఆ ఫైబర్ మీదనే 2010లో ఊళ్ళో ప్రతి ఇంటికీ గిగాబిట్ వేగం అందుబాటులోకి తెచ్చింది. జనం ముందు అడిగినదాన్ని తీర్చుకుంటూ, ఆ పనిలోనే రేపటిదాన్ని ఇమిడ్చింది.

పేటకు ఏం కావాలి

పేట అవసరాన్ని దగ్గరగా కొలిస్తే కొన్ని అంచనాలు తలకిందులవుతాయి. నేతకు వేగం పెద్దగా అక్కర్లేదు. 1,344 కొక్కేల ఎలక్ట్రానిక్ జకార్డ్ మీద 2,000 పేకల బొమ్మ నేస్తున్నామనుకోండి. పాత పద్ధతిలో రెండువేల అట్టలు. ఫైలుగా రాస్తే చిల్లో మూతో చెప్పే గుర్తులు 26,88,000, అంటే 336 కిలోబైట్లు. ఫోనులో తీసిన ఒక్క ఫొటో దానికంటే బరువు. నేతగాడికి కావలసింది తెగకుండా ఉండే లైను, సరుకు చూపించే వీడియో బయటికి త్వరగా పోయే దారి. కంపెనీల ప్రకటనలన్నీ డౌన్‌లోడ్ వేగం గురించే. అమ్ముకునేవాడికి అవసరమైనది అప్‌లోడ్ వేగం.

ఇంట్లోని మిగతావాళ్ళ లెక్క వేరు. బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మూతపడ్డ మిల్లుల పాత కార్మికుడు ఏటా తాను బతికే ఉన్నానని చూపించుకోవడం ఇప్పుడు ముఖం చూపించి చేసుకోవచ్చు. జీఎస్టీ పద్దు, ఈ-శ్రమ్ కార్డు, ఆస్పత్రి చీటీ, అన్నిటికీ అదే దారి. అందుకోసం ఒక పూట కూలి వదులుకుని సేవా కేంద్రం ముందు వరుసలో నిలబడేది ఎక్కువగా ఆడవాళ్ళే. వెబ్‌సైటు హిందీలోనో ఇంగ్లీషులోనో, కౌంటరు మరాఠీలో, ఆమె మాట తెలుగులో. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి పుచ్చుకునే మనిషికి వరుసలో గడిచిన ప్రతి గంటకూ ధర ఉంది. పేటలో ఎవరికి మొదట లైను ఇవ్వాలని నన్నడిగితే కార్ఖానాకు కాదు, బీడీ ఆకు తూచి ఇచ్చే చోటుకూ, తెలుగు బడికీ, సంఘం ఆఫీసుకూ అంటాను. అక్కడ తెలుగు వచ్చిన అమ్మాయి ఒకతె కూర్చుంటే సగం వరుస తరుగుతుంది. నా వరుస తప్పే కావచ్చు. కుంభారి ఇళ్ళ వరుస తేల్చుకున్నవాళ్ళు దీన్నీ తేల్చుకోగలరు. వాళ్ళను అడగడమే పథకంలో మొదటి అడుగు కావాలి.

ఎవరికి కూలి, దేనికి కూలి

జకార్డ్ మగ్గాన్ని ప్రజల ఆస్తి చేసినప్పుడు ఫ్రాన్సు ప్రభుత్వం అమ్ముడై వాడుకలోకి వచ్చిన మగ్గానికే రాయల్టీ లెక్కగట్టింది. మన బ్రాడ్‌బ్యాండ్ టెండర్లలో చాలాకాలం డబ్బు పరిచిన కిలోమీటరుకు నడిచింది, సిద్ధమైందని కాగితం మీద రాసిన పంచాయతీకి నడిచింది. గుమ్మంలో ఫ్యాన్ ఆపించి, తొడుగు ఎక్కించి, కీచుమనేదాకా తుడిచిన కుర్రాడికి మాత్రం జాయింటుకింత అని కంట్రాక్టరు కింది కంట్రాక్టరు చేతి నుంచి అందుతుంది. తుడవకుండా అతికినవాడికీ అంతే అందుతుంది. మంచి పనికీ చెడ్డ పనికీ ఒకే ధర పలికినచోట మంచి పని ఎన్నాళ్ళో నిలవదు. ఏ నేతపేటనైనా అడగండి.

సోలాపూర్‌లో నూలు ఎంత వాడావని చూసి కూలి కట్టే కార్ఖానాదారు లేడు. మగ్గం నుంచి దించిన గుడ్డకే కూలి. గాజు పోగుకూ అదే పద్దు రాయవచ్చు. సందులో చివరి ఇంటి డబ్బా దగ్గర ఎంత వెలుగు అందుతోందో కొలిచి, ఆ అంకెను తెలుగులోనూ మరాఠీలోనూ ఆ ఇంటివాళ్ళకు రాసిచ్చి, తొలకరి దాటాక మళ్ళీ కొలిచి, నిలిచినదానికే బిల్లు చెల్లించాలి. జాయింటు వేసినవాడి పేరు కూడా ఆ కాగితం మీద ఉండాలి. వెలుగు కొలిచే పవర్ మీటరు ఖర్చు కొన్ని వేల రూపాయలు. లక్ష కోట్ల పథకానికి అది భారం కాదు. మెషిన్ కొనే స్తోమత లేని పద్మశాలి కుర్రాళ్ళకు పేట సంఘం మెషిన్లు అద్దెకిచ్చి, సొంత వీధుల జాయింట్లు వాళ్ళకే అప్పగిస్తే తెగిన రోజున పిలవడానికి మనిషి నాలుగిళ్ళ అవతలే ఉంటాడు. అతను వేసిన అతుకు వెనక అతని సొంత అమ్మ రీఛార్జి ఉంది కనుక దాన్ని అశ్రద్ధగా వెయ్యడు.